మెడ మీద మచ్చ: ఎవరి చర్మం, ఎవరి బొమ్మ?

పదో తరగతి సర్టిఫికెట్ మీద గుర్తింపు కోసం పుట్టుమచ్చలు రాయడం మన తెలుగు ప్రాంతాల్లో పాత ఆచారం. 'మెడ మీద ఒక పుట్టుమచ్చ, కుడి చేతి మీద ఒక పుట్టుమచ్చ' అని రాస్తారు. క్లాసు టీచరు ముందు నిలబడి చూపించడానికి వీలైనవే రాయించుకోవాలి గనక ఆడపిల్లల విషయంలో మెడ, చెయ్యి, ముఖం తప్ప ఇంకోటి ఉండదు. ప్రభుత్వానికి ఆ మచ్చతో ఉన్న అవసరం ఒక్కటే: ఈ మనిషి ఆ మనిషేనని తేల్చుకోవడం. మచ్చ మారదనే నమ్మకం మీద ఆ కాగితం నడుస్తుంది. వైద్యానికి కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మచ్చ మారిందా, ఎప్పటినుంచి మారుతోంది, ఎలా మారుతోంది అన్నవే మెలనోమా అనే చర్మ కాన్సర్ విషయంలో డాక్టరు అడగవలసిన మొదటి ప్రశ్నలు.

చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కాన్సర్ మెలనోమా. తొలిదశలో చర్మం పైపొరలోనే ఉన్నప్పుడు చుట్టూ కొంచెం మంచి చర్మంతో కలిపి కోసి తీసేస్తే చాలామందికి నయమవుతుంది. లోతుకు దిగితే అంత సులువు కాదు. బ్రెస్లో అనే పాథాలజిస్టు 1970లో ప్రతిపాదించిన కొలత, అంటే కణితి ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి దిగిందన్న లెక్క, ఇవాళ్టికీ రోగి భవిష్యత్తును అంచనా వేయడానికి ప్రధానమైన ఆధారం. తల మీద, మెడ మీద వచ్చిన మెలనోమాతో చనిపోయే ప్రమాదం శరీరంలో ఇతర చోట్ల వచ్చినదానికన్నా దాదాపు రెట్టింపని 2008లో అమెరికా పరిశోధకులు చూపించారు. కారణాల మీద చర్చ ఉంది గానీ అందరికీ తోచే కారణం ఒకటుంది. మెడ వెనక ఏముందో మనకు కనబడదు. కొప్పు కింద, జడ కింద ఉన్నది అసలే కనబడదు. ఇంకొకరు చూడాలి.

ఆ 'ఇంకొకరు' ఎవరన్నదే ఈ వ్యాసం. ఇప్పుడు ఆ స్థానంలోకి యంత్రం వస్తోంది.

యంత్రం ఏం చేస్తుందో ముందు చెప్పుకుందాం. మామూలు వెలుతురులో చర్మం మీద పడిన కాంతి పైపొర దగ్గరే చాలావరకు తిరిగి కొడుతుంది, అందుకే మచ్చ లోపల ఏముందో కంటికి తెలియదు. డెర్మోస్కోపు అనే పరికరం చేతిలో ఇమిడేంత ఉంటుంది. సుమారు పది రెట్లు పెద్దది చేసి చూపే అద్దం, చుట్టూ దీపాలు, ఆ తళుకును అడ్డుకునే ప్రత్యేకమైన ఫిల్టరు లేదా చర్మం మీద రాసే జెల్. దాంతో చూస్తే రంగు ఏ లోతులో ఉందో కూడా కొంత తెలుస్తుంది. పైన ఉన్న రంగు నల్లగా, ఇంకొంచెం కింద గోధుమరంగుగా, బాగా కిందది బూడిదరంగుగా, నీలంగా కనిపిస్తుంది. అంచులు ఎలా ఉన్నాయి, లోపలి వలలాంటి అల్లిక క్రమంగా ఉందా చెదిరిపోయిందా అని చూస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో ఒంటి మీది మచ్చలన్నీ ఫోటోలు తీసి ఆరు నెలల తర్వాత మళ్ళీ తీసి పోల్చే పద్ధతి ఉంది. చర్మాన్ని కోయకుండానే కణాల స్థాయిలో చూపించే కాన్ఫోకల్ మైక్రోస్కోపులూ ఉన్నాయి. సెల్‌ఫోను కెమెరాకు తగిలించుకునే డెర్మోస్కోపులు వచ్చాయి. ఆ ఫోటోను చూసి ఇది అనుమానించదగినదో కాదో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములూ వచ్చాయి. వీటిలో ఏదీ తుది మాట చెప్పదు. తుది మాట చెప్పేది బయాప్సీ. అనుమానం ఉన్న మచ్చను కోసి, పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూసి చెబితేనే అది మెలనోమా. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే తర్వాత చెప్పబోయేది తేలిగ్గా అర్థమవుతుంది.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు లక్షా ఇరవై తొమ్మిది వేలకు పైగా ఫోటోలతో కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చి, అది చర్మవైద్య నిపుణులతో సమానంగా కాన్సర్‌ను గుర్తు పడుతోందని ప్రకటించారు. అప్పటినుంచి సదస్సుల్లో ఒక మాట తరచుగా వినబడుతోంది: స్పెషలిస్టు లేని చోట ఫోటో చాలు, అడవిలో ఉన్నా అమెరికాలో ఉన్నా ఒకటే. ఈ 'ఒకటే' అన్న మాట దగ్గర స్త్రీవాదులం ఆగాలి. 'మనిషి' అన్నప్పుడల్లా మగవాడిని ఊహించుకున్న శాస్త్రాలతో మనకు పాత పేచీ ఉంది. 'చర్మం' అన్నప్పుడు ఎవరి చర్మాన్ని ఊహించుకున్నారు?

దీనికి లెక్కే ఉంది. చర్మ కాన్సర్ ఫోటోలు అందరికీ అందుబాటులో ఉన్న 21 సేకరణలను పరిశీలించి 2021 చివర్లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మొత్తం 1,06,950 ఫోటోలు. వాటిలో చర్మం రంగు నమోదు చేసినవి 2,436 మాత్రమే. ఆ నమోదైన వాటిలో గోధుమ వర్ణం చర్మం ఫోటోలు 10. ముదురు గోధుమ లేదా నల్లటి చర్మం ఫోటో ఒక్కటి. ఏ జాతివాళ్లదో రాసి ఉన్న ఫోటోల్లో దక్షిణాసియా మనిషిది ఒక్కటీ లేదు. 2022లో స్టాన్‌ఫర్డ్ నుంచే వచ్చిన మరో పరిశోధన, ఇలాంటి ప్రోగ్రాములను అన్ని రంగుల చర్మాల ఫోటోల మీద పరీక్షిస్తే నల్లటి చర్మం దగ్గరికి వచ్చేసరికి తప్పులు పెరుగుతున్నాయని తేల్చింది. అలాంటి ఫోటోలు కలిపి మళ్ళీ శిక్షణ ఇస్తే ఆ తేడా తగ్గిందని కూడా చూపించింది. లోపం యంత్రం పుట్టుకలో లేదు, దానికి ఎవరిని చూపించాం, ఎవరిని చూపించలేదు అన్నదాంట్లో ఉంది.

వైద్యులు చర్మాన్ని రకాలుగా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ కొలబద్ద 1975 నాటిది. తెల్లచర్మం వాళ్లకు అతినీలలోహిత కిరణాల చికిత్స ఎంత మోతాదులో ఇవ్వాలో తేల్చడానికి పుట్టింది. గోధుమ, నలుపు రకాలు దానికి తర్వాత అతికించినవే. అదే 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చింది. మన ఛాయను పట్టించుకోవడంలో వైద్యం కన్నా వ్యాపారం ముందుందన్నమాట! 2020లో ఆ పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేశారు. మెడ నల్లగా ఉందని, సరిగా రుద్దుకోవడం లేదని ఆడపిల్లల్ని తిట్టే ఇళ్లలోంచి మాత్రం ఆ భావన పోలేదు. మెడ ముడతల్లో దళసరిగా వచ్చే ఆ నలుపు చాలాసార్లు మురికి కాదు, షుగర్ రాబోతోందనడానికి గుర్తు. దాన్ని పోగొట్టుకోవడానికి స్టెరాయిడ్ క్రీములు రాస్తారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి చేసినా ఊళ్లలో ఆర్ఎంపీల దగ్గర, కిరాణా కొట్లలో అవి దొరుకుతూనే ఉన్నాయి. ఆ క్రీముల కింద తామర కూడా రూపం మార్చుకుని డాక్టర్నే తికమక పెడుతుంది, ఇక ఫోటో సంగతి చెప్పాలా?

ఇప్పుడు ఖమ్మం, భద్రాచలం వైపు వద్దాం. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. గీతలు ఎన్ని మారినా ఆ అడవి అంచున బతికే కోయ, కొండరెడ్డి స్త్రీల పని మారలేదు. ఎండాకాలంలో తునికాకు, ఇప్పపువ్వు, ఆ ముందు మిరప తోటల్లో కాయ కోత. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింస నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు ఈ కూలికే వస్తారు, వాళ్లకు చాలాచోట్ల కాగితాలే ఉండవు. ఇక్కడ పనిచేసే మిత్రులు అడగవచ్చు: మలేరియా, రక్తహీనత, నొప్పులొస్తే మంచం మీద మోసుకుంటూ వాగు దాటించవలసిన పరిస్థితి ఉండగా, లక్షమందిలో ఏడాదికి ఒక్కరికి కూడా రాని కాన్సర్ మనకెందుకు?

న్యాయమైన ప్రశ్నే. అరుదైనదన్న మాట నిజం. మన చర్మంలోని రంగు ఎండనుంచి చాలావరకు కాపాడుతుంది, అందుకే తెల్లవాళ్లకు వచ్చినట్టు ఎండ తగిలే చోట్ల మనకు అంతగా రాదు. కానీ అరుదైనదన్న ఆ మాటే మనకు శత్రువైంది. రాదనుకున్నది ఎవరూ వెతకరు, వచ్చాక ఆలస్యంగా తెలుస్తుంది. పైగా మన దేశంలో అది ఎక్కువగా వచ్చే చోటు మెడ కాదు, అరికాలు, గోటి కింద, నోటిలోపలి పొరలు. గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోటి కింద మచ్చను ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తెలిసింది, 1981లో 36వ ఏట చనిపోయాడు. చెప్పుల్లేకుండా మిరపచేలో నడిచే మనిషి అరికాలి మీది నల్లటి మచ్చను ముల్లు గుచ్చుకున్న పుండనో, దెబ్బకు గడ్డకట్టిన రక్తమనో అనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది!

ఇక్కడే జపాన్ వైద్యుల సంగతి చెప్పాలి. వాళ్ల ప్రజలకూ మెలనోమా ఎక్కువగా అరికాళ్లకే వస్తుంది. పాశ్చాత్య పుస్తకాల్లోని మెడ, వీపు, కాళ్ల బొమ్మలు వాళ్లకు సరిపోలేదు. తోషియాకి సైదా, ఆయన సహచరులు తమ రోగుల అరికాళ్లనే డెర్మోస్కోపు కింద ఓపికగా చూశారు. అరికాలి చర్మం దున్నిన చేనులా ఉంటుంది, గట్లు, చాళ్లు. రంగు చాళ్లలో ఉంటే చాలావరకు మామూలు మచ్చ. గట్ల మీద బారులు తీరి ఉంటే మెలనోమా అని అనుమానించాలి. సేద్యం తెలిసిన ఏ స్త్రీకైనా ఒక్క నిమిషంలో అర్థమయ్యే సంగతి. నల్లటి చర్మం వాళ్లకు పుట్టుకతో వచ్చే రంగు కూడా ఒక్కోసారి గట్ల మీదే కనిపించి తికమక పెడుతుందట, అంటే ఈ సూత్రాన్ని మన అరికాళ్ల మీద మళ్ళీ సరిచూసుకోవాలి. తమ మనుషులను తాము చూడటం మొదలుపెట్టాక గానీ జ్ఞానం పుట్టలేదు, నాకు దీంట్లో ముఖ్యంగా తోచింది అది.

మెడ సంగతి మళ్ళీ చూద్దాం. మెడ మీద పసుపుతాడు, నల్లపూసలు, గిల్టు గొలుసు ఒరుసుకుంటూ ఉంటాయి. దురదలూ పుళ్లూ మామూలే గనక ఎవరూ పట్టించుకోరు. ఉలిపిరికాయలకు వెంట్రుక కట్టి తెంపడం, సున్నం పెట్టడం, జీడి రసం అంటించడం ఊళ్లలో ఉన్నదే. పట్నాల్లో బ్యూటీ పార్లర్లు అదే పని కరెంటుతో చేస్తాయి. రంగున్న మచ్చను ఇలా కాల్చేస్తే పాథాలజిస్టుకు పంపడానికి ముక్కే మిగలదు. లోపల కాన్సర్ ఉంటే అది మిగిలే ఉంటుంది, సాక్ష్యం మాత్రం పోతుంది. పెద్ద వయసు స్త్రీల పచ్చబొట్టు కింద మచ్చ ఉంటే డెర్మోస్కోపు కూడా సరిగా చూడలేదు. ఇవేవీ ఆ ఫోటో సేకరణలు ఊహించినవి కావు.

అయితే చర్మం మీది మచ్చ మన దగ్గర కేవలం వైద్య విషయం ఎప్పుడూ కాలేదు. కుష్ఠు ఉందన్న కారణంతో భార్యకు విడాకులు ఇవ్వడానికి హిందూ వివాహ చట్టం వీలిచ్చింది. ఆ నిబంధనను పార్లమెంటు తీసేసింది 2019లో. ఆ చట్టం పోయినా ఊరి నోరు ఉంది. కుష్ఠు మచ్చల కోసం ఇంటింటికీ తిరిగే కార్యక్రమంలో ఆశా కార్యకర్తతో పాటు ఒక మగ కార్యకర్త వెళ్లాలని, స్త్రీలను స్త్రీయే చూడాలని పద్ధతి పెట్టుకోవడం ఊరికే కాదు. ఆమె చూసింది ఆమె కంట్లోనే ఉంటుంది. ఫోటో అలా ఉండదు. ఆశా సొంత ఫోన్లో తీసిన మెడ ఫోటో, రవికె పక్కకు జరిపి తీసిన భుజం ఫోటో, వాట్సాప్‌లో డాక్టరుకు వెళ్తుంది, ఆమె ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోన్లోనూ ఉంటుంది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఆ ఫోన్లోని ఫోటో ఎప్పుడు తుడిచేయాలో ఆశాకు ఎవరైనా చెప్పారా?

ఇక అసలు భయం. బొమ్మల్లో మనం లేమని మనం ఫిర్యాదు చేస్తున్నాం. రేపు 'అయితే మీ బొమ్మలే తీసుకుంటాం' అని ఎవరో వస్తారు. అప్పుడేమంటాం?

ఈ ప్రాంతానికి ఆ అనుభవం ఉంది. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి, అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ కలిసి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా వేశాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది. వీళ్లలో ఎంతోమంది తల్లిదండ్రులకు దూరంగా ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. 2010లో మహిళా ఆరోగ్య సంఘాలు భద్రాచలం వెళ్లి చూసి బయటపెట్టాక ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. కొందరు పిల్లలు చనిపోయారు. టీకాయే కారణమని విచారణ సంఘం తేల్చలేదు. టీకా మంచి చెడ్డల చర్చ వేరు, ఇక్కడ నేను దాన్ని ఎత్తడం లేదు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో నమోదైన ఒక లెక్క చాలు. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

ఒక కూతురి ఒంటిలోకి సూది దించడానికి వార్డెన్ సంతకం సరిపోయిన చోట, ఫోటోకు సమ్మతి ఎవరడుగుతారు? సూది గుచ్చితే నొప్పి అయినా తెలుస్తుంది. ఫోటో తీస్తే అదీ తెలియదు. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్ ఎన్ ఇంజెక్షన్ ఎందుకు వేస్తున్నారో చెప్పకుండా స్త్రీలను కూర్చోబెట్టినప్పుడు హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన అక్కడికి వెళ్లి అడిగింది, మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ప్రశ్నలు పాతబడలేదు. కృత్రిమ మేధను వైద్యంలో వాడేటప్పుడు పాటించాల్సిన నీతి సూత్రాలను భారత వైద్య పరిశోధన మండలి 2023లో విడుదల చేసింది. ఖమ్మం టీకా పథకంలో భాగస్వామి కూడా అదే మండలి. కాగితం మీది సూత్రాలు ఊరికి ఎలా చేరతాయో చూడవలసినవాళ్లం మనమే.

అందుకని యంత్రం వద్దని నేననను. ఈ అడవి అంచున చర్మవైద్య నిపుణులు అందుబాటులో లేరు, మంచి ఫోటో ఒకటి భద్రాచలం నుంచి మూడు వందల కిలోమీటర్ల హైదరాబాదు ప్రయాణాన్ని తప్పించగలిగితే అది మనకు కావలసిందే. తెల్లచర్మం మీద నేర్చుకున్న ప్రోగ్రాము 'ఏమీ లేదు' అని చెబితే ఇంటికి పంపేయడం మాత్రం ఒప్పుకోకూడదు. 'ఏమీ లేదు' అన్న మాటను మనిషి అయిన డాక్టరు ఒకరు చెప్పాలి. మన స్త్రీల బొమ్మలు సేకరణల్లో చేరితే ఏ కంపెనీకి వెళ్తాయో, వెనక్కి తీసుకోవచ్చో లేదో ఆమెకు కోయలో చెప్పాలి. హాస్టల్ పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి, పిల్ల ఇష్టం రెండూ కావాలి, వార్డెన్‌కు ఈ విషయంలో ఏ అధికారమూ ఉండకూడదు. ఆధార్ లేదని గుత్తికోయ స్త్రీని వరుసలోంచి తప్పించకూడదు. ఆమె ఫోటో పనికొచ్చి ఆమె చికిత్స మాత్రం పనికిరాకపోవడం ఎక్కడి న్యాయం?

యంత్రం వచ్చేలోగా చేయగలిగింది చాలా ఉంది. మధ్యాహ్నం గుమ్మాల్లో కూర్చుని ఒకరి తల ఒకరు చూసుకుంటూ పేలు తీసే అలవాటు మన స్త్రీలకుంది. తీరిక లేని ఆడవాళ్ల కాలక్షేపమని దాన్ని ఎగతాళి చేస్తారు. తల, మెడ వెనక భాగం, చెవుల వెనక క్రమం తప్పకుండా చూసే ఇంకో కన్ను ఏ ఆసుపత్రిలోనూ లేదు. సంఘం సమావేశంలో దానికి అరికాళ్లు, గోళ్లు కలిపి ఒకసారి చెబితే చాలు. రెండు సగాలు ఒకలా లేని మచ్చ, అంచు తెలియకుండా పాకిన మచ్చ, రెండు మూడు రంగులున్నది, ఆరు మిల్లీమీటర్లు దాటినది, అంతకన్నా ముఖ్యంగా ఈ మధ్యనే మారుతున్నది, రక్తం కారుతున్నది, మానని పుండు. గోటి కింద నిలువుగా కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లగీత. వీటిలో అత్యధికం కాన్సర్ కావు, ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే భయమే రోగమవుతుంది. కానీ వీటిని కాల్చకూడదు, తెంపకూడదు, క్రీము రాయకూడదు.

ఆ తర్వాత ప్రభుత్వాన్ని అడగవలసినవి ఉన్నాయి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కళాశాల ఉందంటే పాథాలజీ విభాగం ఉండాలి, చర్మవ్యాధుల విభాగం ఉండాలి. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో కోసిన ముక్క ఎక్కడికి పోతుంది? అక్కడికి ఎవరు తీసుకెళ్తారు, రోగి భర్తే సీసా పట్టుకుని బస్సెక్కాలా? రిపోర్టు ఎన్ని రోజుల్లో వస్తుంది, వచ్చాక చర్ల అవతలి గుంపులో ఉన్న స్త్రీకి ఎవరు వెళ్లి చెబుతారు? మెలనోమా అని తేలితే హైదరాబాదు ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రికి వెళ్లిరావడానికి, అక్కడ ఉండటానికి, ఆ రోజుల కూలికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది? ఫోన్‌కు తగిలించే అద్దం కొనే ముందు ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం ఇవ్వమని ఐటీడీఏ అధికారిని, జిల్లా వైద్యాధికారిని అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు.